ఇరవై రెండో రోజు

తుంటికి మేకు కొట్టించుకోవడానికి
కాస్త్రో ఆసుపత్రికి పోతూ రోసాల్బా
కదిలిన పడవలోంచి కేకేసింది:
"ఆవుకి ఆకలైతే అదే అరుస్తుంది.
కల్నల్ అరవదు. దాన్ని కనిపెట్టుకో."

కల్నల్ అంటే మా తోకలేని పెట్ట.
కుట్టుమిషను కింద, ఉన్ని పరిచిన గంపలో
పదకొండు గుడ్ల మీద
బోర్లించిన చట్టిలా కూర్చుంది.
మా చిలోయే దీవుల్లో ఈ పెట్టల గుడ్లు నీలం.
వాన వెలిశాక ఓ గంటసేపు
సముద్రం ఒప్పుకునే నీలం.

నేను పడవలు చేసేవాణ్ణి.
ముప్పై ఎనిమిదేళ్ళు ఆ గుడ్లు తిన్నాను,
పెట్టిన కోడి ఏదని ఏనాడూ అడగలేదు.
మేత గిన్నె పెట్టబోతే మణికట్టు మీద పొడిచింది.
న్యాయమే అనిపించింది.

పొద్దున ఆవు. తరవాత బంగాళాదుంప చాళ్ళు,
అలలు ఒడ్డున పడేసిన నాచు మోసుకొచ్చి ఎరువుగా పరవడం.
మధ్యాహ్నం షెడ్డులో ఎవరిదో పడవ,
ఉలి కింద సైప్రస్ చెక్క వాసన.
సాయంత్రం చర్చి వెనక మిట్టెక్కితే
రెండు గీతల సిగ్నల్, ఆమె గొంతు.
"లేచి తిందా? రెట్ట వేసిందా?"
నా మోకాళ్ళ గురించి అడగలేదు.
ఆమె తుంటి గురించి నన్ను అడగనివ్వలేదు.

పద్నాలుగో రోజు తెల్లారి
మేతకని బయటికి పోయిన కల్నల్ తిరిగి రాలేదు.
కంచె దగ్గర గుప్పెడు ఈకలు,
బురదలో చిన్న చిన్న పంజాలు.
అడవిపిల్లి.
దానికీ పిల్లలుండే కాలమే.

గంపలో పదకొండూ ఇంకా వెచ్చగానే ఉన్నాయి.
అదే నన్ను ఇరకాటంలో పెట్టింది.
చల్లబడి ఉంటే పారేసి పనిలోకి పోయేవాణ్ణి.

పక్కింటి కింతీలా వచ్చి చూసి
"పొయ్యి పక్కన పెట్టు. గుడ్డుని కనురెప్పకి ఆనించు.
రెప్ప ఊరుకుంటే చాలు, ఉలిక్కిపడితే వేడెక్కువ" అంది.
నవ్వాపుకుంటూ వెళ్ళిపోయింది.

వడ్రంగి పెన్సిల్‌తో ఒక్కోదానికి ఒకవైపు ఇంటూ గుర్తు.
రోజుకి ఐదుసార్లు తిప్పడం.
రాత్రి రెండింటికి లేచి కట్టె వేయడం.
పడవ చెక్క వంగాలంటే ఆవిరి పట్టాలి కదా,
ఇక్కడా కెటిల్ మూత తీసి పెట్టాను.
నాకు వచ్చిన విద్య అదొక్కటే.

గాలివానకి కరెంటు పోయిన రాత్రి
ఒక గుడ్డు వెనక టార్చి వెలిగించి చూశాను.
లోపల నీడ కదిలింది, పక్క మీద ఒత్తిగిలినట్టు.
మిగతా పదింటినీ చూడటానికి ధైర్యం చాల్లేదు.

మిట్ట మీద మాత్రం "తింది" అన్నాను.
"రెట్ట వేసింది" అన్నాను.
ఎనిమిది సాయంత్రాలు.

ఇరవై ఒకటో రోజు ఏమీ లేదు.
దుంపలు నాటడానికి వచ్చినవాళ్ళు
గంప చుట్టూ నిలబడి, టోపీలు తీసి,
ఏమీ అనకుండా టోపీలు పెట్టుకున్నారు.

ఇరవై రెండో రోజు, పాలచెంబు చేతిలో ఉండగా
ఓ గుడ్డు లోపలి నుంచి మాట్లాడింది.
సాయంత్రానికి ఏడు.
ముందు తడిసిన తాడుముక్కల్లా పడి ఉన్నాయి,
తరవాత ఎవరో ఊదినట్టు ఉబ్బాయి.
ఒకదానికి కాళ్ళు ఎడంగా జారిపోతుంటే
రోసాల్బా అల్లికదారంతో రెంటినీ కలిపి కట్టాను.
మూడు మురిగాయి.
ఒకటి పెంకు సగం చీల్చుకుని ఆగిపోయింది.
దాన్ని, పోటు దిగేవేళ, నీళ్ళకిచ్చాను.

బలమైన రెంటిని స్వెట్టర్లో దోపుకుని
మిట్టెక్కి, ఫోను వాటి దగ్గర పెట్టాను.
చాలాసేపు వింది.
"పిల్లలు సరే. తల్లి పలకదేం?"
గాలి వీచింది. దాన్నే మాట్లాడనిచ్చాను.
"ఎప్పటినుంచి?"
"పద్నాలుగో రోజు."
అటువైపు మంచం కిర్రుమంది.

కాసేపటికి,
"గోధుమ నూక నానబెట్టి పెట్టు," అంది.
"నీళ్ళ పళ్ళెంలో గులకరాళ్ళు వెయ్యి,
లేకపోతే మునుగుతాయి.
పక్కలో వేసుకుని మాత్రం పడుకోకు.
నువ్వు బరువు."